ఏడో షట్టరు

పెన్న మీద మా కతవకు పదకొండు షట్టర్లు.
తొమ్మిది లేస్తాయి, దిగుతాయి.
రెండోది దిగితే లేవదు.
ఏడోది లేస్తే దిగదు.
దాని పండ్లచక్రం మా అబ్బ పుట్టకముందుది,
మీద ఏవో తెల్లోళ్ళ అచ్చరాలు,
ఏ ఊరి కొలిమిదో గ్రీజు కింద కనపడదు.

ఇరవై రెండేండ్లుగా లస్కరును.
పొద్దున ఆరింటికి, మాపటేల ఆరింటికి
గేజీ పలక మీద మట్టం చదివి పుస్తకంలో రాస్తా.
అడుగులకొక గడి, అంగుళాలకొక గడి,
కాలువకు ఇడిసిందింత, కారిపోయిందింత.
చేపకు గడి లేదు.

బెస్త గంగులప్ప చెప్పేవాడు:
"మలుగు పుట్టేది సముద్రంలో రా.
వేలంత పిల్ల, అద్దం మాదిరి, లోపలి ముల్లు కనపడతాది.
నెల్లూరు తట్టునుంచి ఏటికి ఎదురెక్కి
కడప రాళ్ళ సందుల్లో దాక్కొని పెద్దదయితాది.
ఎన్నేండ్లకో ఒకనాడు తినేది మానేస్తాది,
కండ్లు పెద్దవయితాయి,
కడుపు వెండి బారతాది.
అప్పుడు దానికి ఉప్పు గుర్తొస్తాది."

ఆయన వల ఇప్పుడు చిక్కుడు పందిరి.

కతవ పక్కన కరెంటు మిషన్లు రెండు.
ఒకటి ఆగి పదేండ్లు.
రెండోది నడిస్తే బేరింగు ఏడుస్తాది,
ఆ ఏడుపు లేకుంటే నాకు నిద్ర పట్టదు.
ఒకసారి అది నీళ్ళు కక్కే చోట
మూరెడు మూరెడు మూడు తునకలు,
తెగిన కాడ ఇంకా కదలాడతా.
పాము, అన్నాడు ఆపరేటరు.
గోతం సంచిలో వేసుకొని పోయి గంగులప్పకు చూపిస్తి.
ఆయన తలకు చుట్టిన టవలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆ పూట పుస్తకంలో:
మట్టం ఎనిమిదడుగుల రెండంగుళాలు.
రిమార్కులు: నిల్.

మొన్న కార్తీకంలో వాయుగుండం.
ఏరు ఎర్రగా, మొద్దులను ఉరికిస్తా వచ్చింది.
అన్నీ ఎత్తితిమి. రెండోది ఎట్లా లేవదు.
మూడో దినం నీళ్ళు తగ్గినాక అన్నీ దించితిమి.
ఏడోది కిర్రుమనింది, ఆగింది.
చైను పట్టుకొని నలుగురం వేలాడితిమి.
కింద రెండడుగుల సందు.
"ముట్టుకోవద్దు, మెకానిక్కు వస్తాడు రేపు,"
ఫోనులో జేఈ సారు.
ఆయన రేపుకు తేదీ ఉండదు.

ఆ రాత్రి స్తంభాలు పడి మిషను కూడా ఆగింది.
ఇన్నేండ్లలో మొదటిసారి
ఏరు నా చెవికి వినపడింది.
చీకటి, అమావాస్య చీకటి.
టార్చి వేస్తే
సందులోకి నీళ్ళు మడతపడే కాడ
చేయంత లావున, నల్లగా,
కాదు, తిరిగినప్పుడు వెండిగా,
తల యాడ, తోక యాడ తెలియని ఒక పొడుగు
జారిపోయింది.
ఒకటే.
రెండోదాని కోసం తెల్లారే దాకా నిలబడితి.

తెల్లారితే వచ్చింది చివరి మడి ఓబుళమ్మ.
"కండ్ల ముందర కారిపోతా ఉంటే
ఏం చూస్తా నిలబడితివిరా?"
సీమలో నీళ్ళు కారితే
ఇంట్లో పీనుగ లేచినంత ఏడుపు.
ఆమెది తప్పా? ఆమె వరి పొట్ట మీదుంది.
నేను చూసింది చెప్పలేదు.

గంగులప్పకు చెప్తి.
"ఒకటేనా?"
"ఒకటే."
"ముందర సోమశిల ఉంది."
వేళ్ళు మడిచి ఏవో గోడలు లెక్కపెట్టినాడు,
సగంలో ఆపి ఆ చేత్తోనే బీడీ ముట్టించినాడు.

పుస్తకం తెరిస్తి.
ఏడో షట్టరు కిందికి రావడం లేదు.
పదకొండేండ్లుగా రాసే మాటే.
దాని కింద, రోంత స్థలముంటే,
చిన్నగా రాస్తి: ఒకటి పోయింది.

నెల తిరిగినాక జేఈ సారు సంతకం పెడతా
వేలు ఆడ పెట్టి అడిగినాడు:
"ఏం పోయింది, బోల్టా?"

అవును సార్, అంటి.
పాత సైజు.
ఇప్పుడు రావడం లేదు.